బ్రెక్సిట్ తర్వాత బ్రిటన్ నుంచి యూరప్ ప్రయాణం: ఇంట్లో ఎవరి పాస్‌పోర్టు వారిదిగా చూసుకోండి

పాస్‌పోర్టు గడువు ఇంకా ఆరు నెలలకు పైనే ఉంది. టికెట్లు కొన్నారు, హోటల్‌కి డబ్బు కట్టేశారు. అయినా చెకిన్ కౌంటర్ దగ్గరే మిమ్మల్ని వెనక్కి పంపేయవచ్చు. ఆ అధికారం విమాన సంస్థకు ఉంది, కారణం కూడా సక్రమమైనదే కావచ్చు. బ్రిటన్‌లో ఉంటూ పారిస్‌కో రోమ్‌కో బయల్దేరే తెలుగు కుటుంబాలకు ఇలాంటి దెబ్బ తగలకుండా ఏది ఎప్పుడు చూసుకోవాలో వరసగా చెప్తున్నాం.

బ్రిటన్ 2020 జనవరి 31న యూరోపియన్ యూనియన్ నుంచి బయటికి వచ్చింది. ఆ ఏడాది డిసెంబర్ 31 దాకా పాత పద్ధతులే నడిచాయి. 2021 జనవరి 1 నుంచి బ్రిటిష్ పాస్‌పోర్టు ఉన్నవారు యూరప్‌కి బయటివాళ్లయ్యారు. ఎన్నాళ్లుంటారు, ఎక్కడ దిగుతారు, ఖర్చులకు డబ్బుందా, ఎప్పుడు తిరిగి వెళ్తారు అని సరిహద్దు అధికారి అడగవచ్చు. సరైన జవాబు లేకపోతే ఆపవచ్చు.

మన ఇళ్లలో ఇంకో చిక్కుంది. భార్యకు బ్రిటిష్ పౌరసత్వం వచ్చి ఉంటుంది, భర్త ఇంకా భారతీయ పాస్‌పోర్టు మీదే ఉంటాడు, పిల్లలవి బ్రిటిష్ పాస్‌పోర్టులు, విజయవాడ నుంచో వరంగల్ నుంచో వచ్చిన అత్తమామలు విజిటర్ వీసా మీద ఉంటారు. ప్రయాణం ఒకటే, వర్తించే నిబంధనలు మాత్రం మూడు రకాలు. అందుకే టికెట్లు వెతకడానికి ముందే అందరి పాస్‌పోర్టులూ టేబుల్ మీద పెట్టి ఒక్కొక్కటీ విడిగా చూడాలి.

మొదట: బ్రిటిష్ పాస్‌పోర్టుల తేదీలు

షెంగెన్ ప్రాంతంలోకి (తమ మధ్య సరిహద్దు తనిఖీలు ఎత్తేసిన 29 యూరప్ దేశాల్లోకి) వెళ్లే బ్రిటిష్ పాస్‌పోర్టుకు రెండు పరీక్షలున్నాయి. వీటిని కలిపి లెక్కేయకండి.

ఒకటి, మీరు అడుగుపెట్టే రోజుకు ఆ పాస్‌పోర్టు జారీ అయ్యి పదేళ్లు దాటి ఉండకూడదు. దీనికి చూడాల్సింది జారీ తేదీ. రెండు, మీరు తిరిగి బయల్దేరే రోజు తర్వాత కనీసం మూడు నెలల గడువు ఉండాలి. దీనికి చూడాల్సింది గడువు తేదీ.

చాలామంది మొదటి పరీక్షలో తప్పుతారు. 2018 సెప్టెంబర్‌కి ముందు, పాత పాస్‌పోర్టు గడువు తీరకుండానే రెన్యువల్ చేయించుకుంటే, మిగిలిన నెలల్ని గరిష్ఠంగా తొమ్మిది దాకా కొత్తదానికి కలిపేవారు. అలా పదేళ్ల తొమ్మిది నెలల పాస్‌పోర్టులు వచ్చాయి. 2016 మే 20న జారీ అయి 2027 ఫిబ్రవరి 20 దాకా గడువున్న పాస్‌పోర్టు తీసుకోండి. 2026 ఆగస్టు 1న దానికింకా ఆరు నెలల పైచిలుకు ఉంది. కానీ జారీ అయ్యి పదేళ్లు దాటిపోయింది కాబట్టి షెంగెన్‌లోకి పనికిరాదు. పౌరసత్వం వచ్చాక తీసుకున్న మొట్టమొదటి బ్రిటిష్ పాస్‌పోర్టుకు ఈ అదనపు నెలలుండవు. ఒకసారి రెన్యువల్ చేయించినవాళ్లే జాగ్రత్తపడాలి.

పిల్లల పాస్‌పోర్టు ఐదేళ్లదే కాబట్టి పదేళ్ల గొడవ లేదు. కానీ ఆ ఐదేళ్లు ఇట్టే గడిచిపోతాయి, మూడు నెలల పరీక్షలో తప్పేది ఎక్కువగా అవే.

ఈ రెండు పరీక్షల్ని కలిపేసి, పదేళ్లు నిండే తేదీకి మూడు నెలల ముందే తిరిగి రావాలని చెప్పేవాళ్లున్నారు. అది తప్పు. వెళ్లే రోజుకు పదేళ్లు నిండకుండా ఉంటే చాలు, అక్కడున్నప్పుడు నిండినా ఇబ్బంది లేదు. కౌంటర్ దగ్గర ఎవరైనా పొరపాటున ఆపితే, బ్రిటన్ ప్రభుత్వ వెబ్‌సైట్లో మీరు వెళ్లే దేశానికి ఉన్న ప్రయాణ సూచనల పేజీ చూపించండి. వెళ్లేటప్పుడే దాన్ని ఫోన్లో దించుకుని ఉంచండి. అప్పటికీ వినకపోతే, ఎందుకు ఆపారో రాతపూర్వకంగా అడిగి తీసుకోండి. కాగితాలు సరిగ్గా ఉండి కూడా విమానం ఎక్కనివ్వకపోతే పరిహారం అడిగే హక్కు మీకుంటుంది.

రెన్యువల్ చేయిస్తే పాత పాస్‌పోర్టు నంబర్‌తో బుక్ చేసిన చోటల్లా కొత్త నంబర్ మార్చాలి. ఓసీఐ కార్డు (విదేశీ పౌరులైన భారత సంతతివారికి భారత ప్రభుత్వం ఇచ్చేది) ఉన్న పిల్లలైతే, ఇరవై ఏళ్లు నిండేదాకా కొత్త పాస్‌పోర్టు వచ్చిన ప్రతిసారీ దాని కాపీనీ ఫొటోనూ ఓసీఐ పోర్టల్లో ఎక్కించాలి. ఇది యూరప్‌కి అక్కర్లేదు. కానీ ఇప్పుడు వదిలేస్తే సంక్రాంతికి ఇండియా బయల్దేరేటప్పుడు గుర్తొస్తుంది.

రెండోది: 90 రోజుల లెక్క

బ్రిటిష్ పాస్‌పోర్టుతో షెంగెన్‌లో ఏ 180 రోజుల్లో చూసినా 90 రోజులకు మించి ఉండకూడదు. సెలవులకు ఒక వారం వెళ్లొచ్చేవాళ్లకు దీనితో పనిలేదు. ఆమ్‌స్టర్‌డామ్‌లోనో ఫ్రాంక్‌ఫర్ట్‌లోనో మీటింగుల కోసం తరచూ వెళ్లొచ్చే ఐటీ వాళ్లు, అక్కడ చదివే పిల్లల దగ్గర నెలల తరబడి ఉండే తల్లిదండ్రులు మాత్రం దీన్ని శ్రద్ధగా చదవాలి.

180 రోజులంటే జనవరి నుంచి జూన్, జూలై నుంచి డిసెంబర్ అని రెండు ముక్కలు కావు. మీరు అక్కడున్న ప్రతి రోజూ, ఆ రోజుతో కలిపి వెనక్కి 180 రోజులు లెక్కపెడతారు. ఆ కిటికీలో మీరున్న రోజులు 90 దాటకూడదు. దిగిన రోజు ఒకటి, బయల్దేరిన రోజు ఒకటి, రెండూ లెక్కలోకి వస్తాయి. రాత్రి 11 గంటలకు దిగినా అది ఒక రోజే.

తేదీలతో చూద్దాం. 2026లో జనవరి 10 నుంచి ఫిబ్రవరి 8 దాకా ఉన్నారు: 30 రోజులు. ఏప్రిల్ 1 నుంచి 30 దాకా మళ్లీ 30. జూన్ 1న మూడోసారి వెళ్లారు. ఇంకా 30 రోజులే మిగిలాయి, కాబట్టి జూన్ 30న బయటికి రావాల్సిందే. జూలై 1న అక్కడుంటే కిటికీ జనవరి 3న మొదలవుతుంది, లెక్క 91కి చేరుతుంది. మళ్లీ ఎప్పుడు వెళ్లొచ్చు? జనవరి 10వ తేదీ కిటికీలోంచి జారిపోవాలి. జూలై 9న అది జరుగుతుంది, ఎందుకంటే ఆ రోజు కిటికీ జనవరి 11న మొదలవుతుంది. అక్కణ్నుంచి రోజుకో పాత రోజు పోతూ, రోజుకో కొత్త రోజు చేరుతూ ఆగస్టు 7 దాకా సాగుతుంది. ఆ తర్వాత తలుపు మూసుకుంటుంది. ఏప్రిల్ రోజులు జారడం సెప్టెంబర్ 28న గానీ మొదలవదు.

కాబట్టి కాకి లెక్కలు వద్దు. యూరోపియన్ కమిషన్ వెబ్‌సైట్లో ఉచిత కాలిక్యులేటర్ ఉంది, పాత ప్రయాణాల తేదీలన్నీ అందులో వేసి చూడండి.

ఈ 90 రోజులు షెంగెన్ దేశాలన్నిటికీ కలిపి. 29 దేశాలున్నాయి: యూరోపియన్ యూనియన్‌లోని 25, వాటితో పాటు స్విట్జర్లాండ్, నార్వే, ఐస్‌లాండ్, లీచ్‌టెన్‌స్టీన్. క్రొయేషియా 2023 జనవరి 1న చేరింది. రుమేనియా, బల్గేరియా 2025 జనవరి 1 నుంచి పూర్తిగా లోపలికొచ్చాయి. ఒకప్పుడు ఫ్రాన్స్‌లో రోజులైపోతే బల్గేరియాలో కూర్చునే వీలుండేది, ఇప్పుడు లేదు. సైప్రస్, ఐర్లాండ్ యూరోపియన్ యూనియన్‌లో ఉన్నా షెంగెన్‌లో లేవు. అక్కడున్న రోజులు ఈ లెక్కలోకి రావు.

సరిహద్దు దగ్గర ఏం జరుగుతుంది

ఈఈఎస్ అనే నమోదు పద్ధతి 2025 అక్టోబర్ 12న మొదలైంది. 2026 ఏప్రిల్ 10 నాటికి అన్ని సరిహద్దుల్లోనూ పూర్తిగా నడవాలని గడువు పెట్టుకున్నారు. పాస్‌పోర్టు మీద ముద్ర వేసే పద్ధతి స్థానంలో ఇది వచ్చింది. మొదటిసారి వెళ్లినప్పుడు పాస్‌పోర్టు స్కాన్ చేసి, ముఖం ఫొటో తీసి, నాలుగు వేళ్ల ముద్రలు తీసుకుంటారు. 12 ఏళ్లలోపు పిల్లలకు ఫొటో మాత్రమే. నమోదు మూడేళ్లు ఉంటుంది, ఆ లోపు మళ్లీ వెళ్తే సరిచూసి పంపేస్తారు. దీనికి ముందుగా దరఖాస్తు లేదు, రుసుము లేదు. డబ్బు కట్టమని అడిగే వెబ్‌సైట్ ఏదైనా సరే మోసమే. వేలిముద్రలు ఇవ్వనంటే లోపలికి రానివ్వరు.

దీనివల్ల 90 రోజుల లెక్క ఇక కంప్యూటరే చేస్తుంది. పాస్‌పోర్టు మీద మసకబారిన ముద్ర చూసి అధికారి వదిలేయడం అనే మాట ఉండదు.

విమానంలో వెళ్తే ఈ నమోదు దిగిన చోట జరుగుతుంది. డోవర్ నౌకాశ్రయం, ఫోక్‌స్టన్ దగ్గరి యూరోటన్నెల్, లండన్ సెయింట్ పాంక్రస్ యూరోస్టార్ స్టేషన్లలో మాత్రం ఫ్రాన్స్ అధికారులు బ్రిటన్ గడ్డ మీదే తనిఖీ చేస్తారు. అంటే ఆలస్యం కూడా బయల్దేరే ముందే. బడి సెలవులు మొదలయ్యే శుక్రవారం, శనివారం డోవర్‌లో కార్ల బారులు ఎప్పుడూ ఉండేవే. పిల్లలకు నీళ్లు, తిండి కార్లో చేతికందేలా పెట్టుకోండి. టికెట్ మీద రాసిన సమయానికి చేరండి. మరీ ముందుగా వెళ్లినా లోపలికి వదలరు. రద్దీ మితిమీరితే వేలిముద్రలు కొంతసేపు ఆపే వెసులుబాటు అధికారులకుంది, కానీ దాన్ని నమ్ముకుని సమయం కుదించుకోవద్దు.

అధికారి అడిగితే చూపించడానికి తిరుగు టికెట్, హోటల్ బుకింగ్, బ్యాంకు బ్యాలెన్స్ కాగితం మీద ఉంటే మంచిది. బంధువుల ఇంట్లో దిగితే వారి చిరునామా, ఫోన్ నంబర్ రాసుకోండి. ఫ్రాన్స్‌లో అయితే ఇంటివాళ్లు తమ మునిసిపల్ కార్యాలయం నుంచి ముందే ఆతిథ్య ధ్రువపత్రం తీసుకుని మీకు పంపాలి. ఖర్చుల విషయంలోనూ ఫ్రాన్స్‌కి లెక్కలున్నాయి: హోటల్ బుకింగ్ ఉంటే రోజుకు 65 యూరోలు, లేకపోతే 120, బంధువుల ఇంట్లో ఉంటే 32.50. బ్రిటిష్ పాస్‌పోర్టులవాళ్లను ఇవన్నీ అడగడం అరుదు. అడిగిన రోజున లేకపోతే మాత్రం కష్టం.

దీని తర్వాత ఎటియాస్ అనే ముందస్తు అనుమతి రాబోతోంది. 2026 చివరి మూడు నెలల్లో మొదలుపెడతామని ప్రకటించారు. రుసుము 20 యూరోలు, 18 ఏళ్లలోపు వారికీ 70 దాటినవారికీ ఉచితం. అనుమతి మూడేళ్లు లేదా పాస్‌పోర్టు గడువు, ఏది ముందైతే అప్పటిదాకా చెల్లుతుంది. అది అధికారికంగా మొదలవకముందే దరఖాస్తు తీసుకుంటామనే వెబ్‌సైట్ల జోలికి వెళ్లకండి.

భారతీయ పాస్‌పోర్టు ఉన్నవారు

బ్రిటన్‌లో పదేళ్లుగా ఉన్నా, శాశ్వత నివాస హక్కు వచ్చినా, భారతీయ పాస్‌పోర్టు ఉంటే షెంగెన్ వీసా తప్పదు. ఇది బ్రెక్సిట్‌కి ముందూ అంతే. బ్రెక్సిట్ దెబ్బ తగిలింది బ్రిటిష్ పౌరుల భార్యలకూ భర్తలకూ. 2020 దాకా బ్రిటిష్ భార్యతో కలిసి స్పెయిన్ వెళ్లే భారతీయ భర్త యూరోపియన్ పౌరురాలి కుటుంబసభ్యుడు. వీసా ఉచితం, పెళ్లి ధ్రువపత్రం ఉంటే చాలా కాగితాలు అడిగేవారు కాదు, త్వరగా ఇచ్చేవారు. 2021 నుంచి ఆ సదుపాయం పోయింది. పూర్తి రుసుము, పూర్తి కాగితాలు. పాత అనుభవంతో రెండు వారాల ముందు దరఖాస్తు చేద్దామనుకునేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. మీ జీవిత భాగస్వామికి ఐరిష్ పాస్‌పోర్టు గానీ వేరే యూరోపియన్ దేశపు పాస్‌పోర్టు గానీ ఉంటే మాత్రం, వారితో కలిసి వారిది కాని మరో యూరోపియన్ దేశానికి వెళ్లేటప్పుడు ఆ ఉచిత వీసా ఇప్పటికీ వర్తిస్తుంది. దరఖాస్తులో కుటుంబసభ్యుల విభాగం ఎంచుకోండి.

వీసా పని ఈ వరసలో చేయండి.

1. ఏ దేశానికి దరఖాస్తు చేయాలో తేల్చుకోండి. ఎక్కువ రాత్రులు ఎక్కడుంటే ఆ దేశం. సమానమైతే మొదట అడుగుపెట్టే దేశం. ఏ దేశానిది తేలిగ్గా దొరుకుతుందో చూసుకుని ఆ దేశానికి వేసి, తిరగడం మరో దేశంలో తిరిగితే మొదటికే మోసం వస్తుంది.

2. అపాయింట్‌మెంట్ వెతకండి. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి 15 రోజుల ముందు దాకా దరఖాస్తు చేయవచ్చు. నిర్ణయానికి మామూలుగా 15 రోజులు, ఒక్కోసారి 45 రోజులు పడుతుంది. వేసవి సెలవులకైతే ఫిబ్రవరి, మార్చిలోనే స్లాట్ పట్టుకోండి. అసలు ఇబ్బంది వీసా దొరకడం కాదు, స్లాట్ దొరకడం. స్లాట్లు అమ్ముతామనేవాళ్లకు పాస్‌పోర్టు వివరాలు ఇవ్వకండి.

3. పాస్‌పోర్టు చూడండి. జారీ అయ్యి పదేళ్లు దాటకూడదు, తిరిగొచ్చాక మూడు నెలల గడువు ఉండాలి, రెండు ఖాళీ పేజీలుండాలి.

4. బ్రిటన్‌లో మీ నివాస హక్కుకు రుజువు తీయండి. పాత బీఆర్‌పీ నివాస కార్డుల స్థానంలో ఈవీసా, అంటే ఆన్‌లైన్ రికార్డు, వచ్చింది. బ్రిటన్ వీసా విభాగమైన యూకేవీఐలో మీకున్న ఖాతాలోంచి షేర్ కోడ్ (మీ హక్కును ఇతరులు సరిచూసుకునే కోడ్) తీసి, ఆ పేజీ ప్రింట్ చేసి జతచేయండి. కోడ్ 90 రోజులే పనిచేస్తుంది, కాబట్టి మరీ ముందుగా తీయకండి. షెంగెన్ నుంచి తిరిగొచ్చే తేదీ తర్వాత బ్రిటన్ వీసాకు కనీసం మూడు నెలలుండాలని దాదాపు అన్ని దేశాలూ అడుగుతాయి. స్కిల్డ్ వర్కర్ వీసా పొడిగింపు దగ్గరపడుతుంటే ముందు అది కానివ్వండి.

5. కాగితాలు: ఉద్యోగస్థులైతే కంపెనీ లేఖ, మూడు నెలల జీతం చీటీలు, మూడు నెలల బ్యాంకు స్టేట్‌మెంట్. విద్యార్థులైతే యూనివర్సిటీ లేఖ. రోజుకో వరసలో ఎక్కడుంటారో రాసిన కార్యక్రమం. కనీసం 30,000 యూరోల వైద్య ఖర్చులకు ప్రయాణ బీమా. బీమా తేదీలు ప్రయాణ తేదీలన్నిటినీ కప్పాలి, ఒక్క రోజు తక్కువైనా తిప్పి పంపుతారు.

6. వీసా రుసుము పెద్దలకు 90 యూరోలు, 6 నుంచి 11 ఏళ్ల పిల్లలకు 45, ఆ లోపు వారికి ఉచితం. ఈ ధరలు 2024 జూన్ నుంచి. దరఖాస్తు తీసుకునే వీసా కేంద్రం సర్వీసు చార్జీ దీనికి అదనం.

తిరస్కరణకు తరచూ కారణం డబ్బు లేకపోవడం కాదు, డబ్బు ఎక్కణ్నుంచి వచ్చిందో తెలియకపోవడం. దరఖాస్తుకు వారం ముందు స్నేహితుడి దగ్గర రెండు వేల పౌండ్లు ఖాతాలో వేయించుకుంటే అధికారి కంటికి అదే ముందు కనబడుతుంది. ఉన్న బ్యాలెన్స్ ఉన్నట్టు చూపించి, ప్రయాణం దానికి తగ్గట్టు కుదించుకోవడం మేలు.

వేలిముద్రలు ఇచ్చేవారం గోరింటాకు వద్దు. వేలి కొసల మీద ఉంటే ముద్ర పడక మళ్లీ రమ్మంటారు. ఒకసారి ఇచ్చిన ముద్రలు 59 నెలల దాకా వ్యవస్థలో ఉంటాయి, ఆ లోపు మళ్లీ దరఖాస్తు చేస్తే వాటినే వాడుకోవచ్చు.

వీసా చేతికి రాగానే స్టిక్కర్ చదవండి. రెండు తేదీల మధ్య వ్యవధి ఒకటి, ఉండగలిగే రోజుల సంఖ్య ఇంకొకటి. తేదీల మధ్య 25 రోజులున్నా, రోజుల గడిలో 10 అని ఉంటే పది రోజులే. ప్రవేశాల గడిలో ‘01’ ఉంటే ఒకసారి బయటికొస్తే అంతే. పారిస్ నుంచి జ్యూరిక్ వెళ్తే బయటికొచ్చినట్టు కాదు, లండన్ వచ్చేస్తే వచ్చినట్టే. పేర్లు కూడా చూడండి. ఇంటిపేరు గడి ఖాళీగా ఉన్న పాస్‌పోర్టులు మనవాళ్లకు ఎక్కువ, టికెట్ మీద పేరు పాస్‌పోర్టు కింద ఉన్న రెండు యంత్ర వరుసలతో సరిపోవాలి.

అమ్మానాన్నలు వచ్చినప్పుడు

వాళ్లు బ్రిటన్‌కి వచ్చాక ఎలాగూ దగ్గరే కదా, పారిస్ చూపిద్దాం అనుకోవడం సహజం. కానీ షెంగెన్ వీసాకు తాము నివసించే దేశంలోనే దరఖాస్తు చేయాలి. బ్రిటన్‌కి విజిటర్‌గా వచ్చినవారి దరఖాస్తును ఇక్కడి కేంద్రాలు మామూలుగా తీసుకోవు. కాబట్టి వాళ్లు బయల్దేరడానికి ముందే హైదరాబాద్‌లో బ్రిటన్ వీసా, షెంగెన్ వీసా రెండూ తీసుకుని రావాలి. ముందు బ్రిటన్ వీసా, అది చేతికొచ్చాక షెంగెన్. రెండింటికీ పాస్‌పోర్టు ఇవ్వాలి కాబట్టి మూడు నాలుగు నెలలు చేతిలో పెట్టుకోండి. మామూలు ఆరు నెలల బ్రిటన్ విజిటర్ వీసాతో ఎన్నిసార్లయినా రావచ్చు, పారిస్ వెళ్లి తిరిగి రావడానికి ఇబ్బంది లేదు. 2024 ఏప్రిల్‌లో యూరోపియన్ కమిషన్ భారత్‌లో ఉండే భారతీయులకు నిబంధన సడలించింది: మూడేళ్లలో రెండు షెంగెన్ వీసాలు సక్రమంగా వాడుకున్నవారికి రెండేళ్ల మల్టిపుల్ ఎంట్రీ వీసా దొరికే అవకాశముంది. ఏటా వచ్చే తల్లిదండ్రులకు ఇది నిజంగా ఉపయోగం.

ఐర్లాండ్ దగ్గర జాగ్రత్త

బ్రిటిష్ పౌరులకు ఐర్లాండ్‌తో పాత ఉమ్మడి ప్రయాణ ఒప్పందం అలాగే ఉంది, వీసా లెక్కలేవీ లేవు. అయినా కొన్ని విమాన సంస్థలు పాస్‌పోర్టు అడుగుతాయి, పట్టుకెళ్లండి. బ్రిటన్‌లో విద్యార్థి వీసా, ఉద్యోగ వీసా, శాశ్వత నివాసం ఉన్న భారతీయులకు మాత్రం ఐర్లాండ్ వీసా విడిగా కావాలి. బ్రిటన్ కిందే ఉన్న ఉత్తర ఐర్లాండ్‌లోని బెల్‌ఫాస్ట్ దాకా వెళ్లి, అక్కణ్నుంచి డబ్లిన్ బస్సెక్కేవాళ్లు సరిహద్దు దగ్గర గేటు లేదు కాబట్టి అనుమతి అక్కర్లేదనుకుంటారు. గేటు లేకపోయినా చట్టం ఉంది. బస్సుల్లో, రైళ్లలో అప్పుడప్పుడూ ఐరిష్ అధికారులు కాగితాలు అడుగుతారు. దొరికితే ఆ మచ్చ తర్వాతి వీసా దరఖాస్తులన్నిటి మీదా పడుతుంది.

సంచిలో ఏం పెట్టుకోవచ్చు

2021 నుంచి గ్రేట్ బ్రిటన్ వైపు నుంచి యూరోపియన్ యూనియన్‌లోకి మాంసం, పాల పదార్థాలు తీసుకెళ్లకూడదు. మొదటి నెలలోనే నెదర్లాండ్స్‌లో లారీ డ్రైవర్ల హ్యామ్ శాండ్‌విచ్‌లు కూడా లాక్కున్నారు. మన వంటింటి భాషలో చెప్పాలంటే: నెయ్యి సీసా, పెరుగన్నం డబ్బా, పనీర్, పాలకోవా, చికెన్ పచ్చడి, గోంగూర మటన్, రొయ్యలు తప్ప మిగతా మాంసం కూరలేవీ వద్దు. చేపలు, రొయ్యలకు నిబంధన వేరు, కొంత పరిమాణం దాకా అనుమతిస్తారు. ఆవకాయ, కందిపొడి, పులిహోర, నూనెలో వేయించిన జంతికలకు అడ్డు లేదు. పసిపిల్లల పాలపొడి, శిశు ఆహారం రెండు కిలోల దాకా తీసుకెళ్లవచ్చు. ఫ్రిజ్ అవసరం లేనిది, విప్పని ప్యాకెట్ కావాలి.

పచ్చి మొక్కలకూ పళ్లకూ మొక్కల ఆరోగ్య ధ్రువపత్రం కావాలి. అరటి, కొబ్బరి, పైనాపిల్, ఖర్జూరం, డ్యూరియన్‌లకు మినహాయింపు. మామిడిపళ్లకు లేదు, కరివేపాకుకు అసలే లేదు. బెర్లిన్‌లో ఉన్న చెల్లెలికి పెరట్లో కరివేపాకు రెబ్బలు పట్టుకెళ్లాలని మనసు లాగుతుంది. కరివేపాకు నిమ్మజాతి చెట్లకు చీడ మోసుకెళ్లగల మొక్క కాబట్టే ఆ కట్టుదిట్టం. ఎండబెట్టి కారప్పొడిలో కలిపినది తీసుకెళ్లండి.

వైద్యం, కారు, ఫోన్, షాపింగ్

యూరప్‌లో వైద్యానికి పనికొచ్చే జీహెచ్‌ఐసీ కార్డు బ్రిటన్ ప్రభుత్వ వైద్య సేవ ఎన్‌హెచ్‌ఎస్ వెబ్‌సైట్లో ఉచితంగా తీసుకోండి. పాత ఈహెచ్‌ఐసీ కార్డు గడువుంటే అదే చాలు. దీనితో ప్రభుత్వ ఆసుపత్రుల్లో అక్కడి పౌరులకిచ్చే ధరకే వైద్యం దొరుకుతుంది. వారు కొంత కట్టే చోట మీరూ కట్టాలి. ప్రైవేటు ఆసుపత్రి, పర్వతాల మీంచి హెలికాప్టర్‌లో దించడం, బ్రిటన్‌కి తిరిగి చేర్చడం ఇందులో రావు. అందుకే ప్రయాణ బీమా ఉండాలి. షుగర్, బీపీ ఉంటే బీమా కొనేటప్పుడే చెప్పేయండి. దాచిపెడితే క్లెయిము పోతుంది.

కారుకు బ్రిటన్ ఫొటోకార్డు లైసెన్సు చాలు. విదేశంలో కారు బీమా ఉందని చూపే గ్రీన్ కార్డు 2021 ఆగస్టు నుంచి అక్కర్లేదు. కారు ఏ దేశానిదో చెప్పే ‘జీబీ’ స్టిక్కర్ 2021 సెప్టెంబర్ 28 నుంచి చెల్లదు, ‘యూకే’ అని ఉండాలి. నంబర్ ప్లేటు మీద యూకే అక్షరాలుంటే విడిగా స్టిక్కర్ వద్దు, కానీ స్పెయిన్, సైప్రస్, మాల్టాలలో ప్లేటు ఎలా ఉన్నా స్టిక్కర్ కావాలి. మీది కాంప్రహెన్సివ్ బీమా అయినా చాలా పాలసీలు యూరప్‌లో థర్డ్ పార్టీకి తగ్గిపోతాయి. బయల్దేరే ముందు కంపెనీకి ఫోన్ చేసి పూర్తి రక్షణ పెట్టించుకోండి. కారు రిజిస్ట్రేషన్ పత్రం వీ5సీ అసలు కాగితం, హెడ్‌లైట్ల వెలుగు మళ్లించే స్టిక్కర్లు, ఫ్రాన్స్‌కి త్రికోణం బోర్డు, మెరిసే జాకెట్ తప్పనిసరి. జాకెట్ డిక్కీలో కాదు, సీటు దగ్గర ఉండాలి.

ఫోన్‌కి యూరప్‌లో ఉచిత రోమింగ్ ఇప్పుడు హక్కు కాదు, కంపెనీ దయ. మీ ప్లాన్‌లో రోజుకెంతో, డేటా పరిమితెంతో చూసుకోండి. డోవర్ తీరంలో నిలబడితేనే ఫోన్ ఫ్రాన్స్ టవర్‌ని పట్టుకోవచ్చు.

షాపింగ్‌లో మాత్రం బ్రెక్సిట్ ఒక లాభం తెచ్చింది. బ్రిటన్‌లో నివసించేవారు యూరోపియన్ యూనియన్‌లో కొన్న వస్తువులపై వ్యాట్ తిరిగి తీసుకోవచ్చు. ఫ్రాన్స్‌లో ఒకే దుకాణంలో 100 యూరోలు దాటాలి. కొనేటప్పుడే పాస్‌పోర్టు చూపించి ఫారం అడగండి. యూనియన్ వదిలే చివరి విమానాశ్రయంలో, సామాను చెకిన్‌లో వేయకముందే, ఫారం ధ్రువీకరించుకోవాలి. సూట్‌కేసు వెళ్లిపోయాక గుర్తొస్తే డబ్బు పోయినట్టే. అయితే బ్రిటన్‌లోకి వచ్చేటప్పుడు మనిషికి 390 పౌండ్లు దాటిన కొత్త వస్తువులను ప్రకటించి పన్ను కట్టాలి. పెళ్లిళ్లకు ఒంటి మీద వేసుకెళ్లే పాత బంగారం దీనిలోకి రాదు, కానీ బిల్లులు గానీ ఫొటోలు గానీ ఫోన్లో ఉంచుకుంటే కొత్తగా కొన్నది కాదని చెప్పడానికి పనికొస్తాయి. 10,000 యూరోలు, అంతకు మించిన నగదును అక్కడ ప్రకటించాలి.

తిరిగి వచ్చేటప్పుడు

బ్రిటన్ 2025 ఏప్రిల్ 12 నుంచి యూరోపియన్ యూనియన్ నుంచి మేక, గొర్రె, పశు, పంది మాంసమూ పాల పదార్థాలూ వ్యక్తిగతంగా తేవడాన్ని ఆపేసింది. పశువులకొచ్చే గాలికుంటు వ్యాధిని అడ్డుకోవడానికి పెట్టిన నిబంధన ఇది. డ్యూటీ ఫ్రీలో కొన్న చీజ్‌కూ వర్తిస్తుంది. దాచిపెట్టి పట్టుబడితే 5,000 పౌండ్ల దాకా జరిమానా.

భారతీయ పాస్‌పోర్టు ఉన్నవారు ఇంటి నుంచి కదలకముందే ఒక పని చేయాలి. యూకేవీఐ ఖాతాలో ఇప్పుడు చేతిలో ఉన్న పాస్‌పోర్టు నంబరే ఉందో లేదో చూడండి. పాస్‌పోర్టు రెన్యువల్ చేయించుకుని ఖాతాలో మార్చకపోతే, బార్సిలోనాలో విమాన సంస్థ కంప్యూటర్‌కి మీ ఈవీసా కనబడదు. వెళ్లడానికి ఏ అడ్డూ ఉండదు, ఇరుక్కునేది తిరుగు ప్రయాణంలో. నంబర్ మార్చాక ఖాతాలో సరిగ్గా కనబడడానికి కొన్ని రోజులు పట్టవచ్చు, కాబట్టి ప్రయాణానికి కనీసం రెండు వారాల ముందే ఈ పని ముగించి, ఒక కొత్త షేర్ కోడ్ తీసి ఫోన్లో, కాగితం మీద రెండు చోట్లా ఉంచుకోండి.